దేవుడి గదిలోని ఇనుప చక్రం

పదకొండవ ప్రకరణం

ఆ ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు వేటపాలెంలో జడ్జిగారి ఇంటి వసారాలో హాజరైన వారిని వరుస తప్పకుండా చెప్పవలసి వస్తే, వారు వీరు: నిటారు వీపు గల పేము కుర్చీలో ఇంటి యజమాని, విశ్రాంత సబ్ జడ్జి చెంచురామయ్యగారు. ఆయనకు కుడి ప్రక్కన, బల్లమీద, ఆయన బావమరిది, గుంటూరు మిరపకాయల వర్తకుడు పానకాలు. వసారా మెట్టుమీద, తలగుడ్డ విప్పి మోకాలిమీద పెట్టుకుని, చీరాలలో కార్లు బాగుచేసే మీరా హుస్సేన్ మేస్త్రీ. మెట్టుకు దిగువన ఎండలో నిలబడి, ఇరవై నాలుగేళ్ళుగా ఆ ఇంటి కారు నడుపుతున్న సిలార్. అందరికంటె చివర, వసారాకూ నట్టింటికీ మధ్యనున్న గడప లోపల, తలుపు రెక్క పట్టుకుని జడ్జిగారి భార్య వెంకటేశ్వరమ్మ.

వాకిట్లో కొబ్బరి చెట్టు నీడన, వెనుక చక్రాలు ఊడదీయించుకుని, ఇటుకల దొంతరమీద నడుము ఆనించి కూర్చుంది కారు. నేరేడు పండు రంగు అమెరికా కారు. పదిమంది కూర్చున్నా పదకొండవ వానికి చోటుండేది. గడచిన వారం చీరాల నుంచి తిరిగి వస్తుండగా అది ఒక్క కేక పెట్టి నడిరోడ్డుమీద ఆగిపోవటం, రెండు జతల ఎడ్లు కట్టి దానిని ఇంటికి ఈడ్పించటం, జీడిపప్పు కొట్టే కార్ఖానాల ఆడవాళ్ళు పని మానుకుని వీధిలోకి వచ్చి ఆ ఊరేగింపు చూడటం పాఠకులకు జ్ఞాపకముండే ఉంటుంది. వెనుక ఇరుసు పెట్టెలో ఒకదానితో ఒకటి పళ్ళు కలిపి తిరిగే రెండు చక్రాలు, మేస్త్రీలు క్రౌన్ వీలు, పినియను అనేవి, పళ్ళు రాలి మూలబడ్డాయి. కొత్త జత వెల ఎంతో తెలుపగోరుతూ జడ్జిగారు మద్రాసులోని కంపెనీకి వ్రాశారు. జాబు వచ్చింది. రెండు వేల రెండు వందల రూపాయలు. సగం ముందుగా పంపాలి. సరుకు ఎప్పుడు చేరేదీ చెప్పలేము.

ఆ జాబుకు జడ్జిగారు మరుటపాలోనే నాలుగు పంక్తుల సమాధానం పంపించారు. "మీ సామాను మీ వద్దనే ఉంచుకొనవచ్చును. నా వద్ద ఉన్నది."

ఉన్నది. దేవుడి గదిలో, టేకు పెట్టెలో.

"రెండు వేల రెండు వందలా!" అన్నాడు పానకాలు, జాబును దూరంగా పట్టుకుని చదువుతూ. అతడు కదిలినప్పుడల్లా చొక్కాలోంచి మిరప ఘాటు లేచి, మెట్టుమీద మేస్త్రీ రెండుసార్లు తుమ్మాడు. "ఆ డబ్బుకి జత ఒంగోలు గిత్తలొస్తాయి బావగారూ. పైన బండి కూడా వస్తుంది. పెట్రోలు పొయ్యక్కర్లేదు, చిట్టూ తవుడూ నానేస్తే చాలు."

"గిత్త కాలు విరిగితే మద్రాసులో కాలు అమ్ముతారా, పానకాలూ?" అన్నారు జడ్జిగారు.

"అమ్మరు. అందుకే విరగ్గానే సంతకి తోలేస్తాం. మీరు తోలరు గదా."

గుమ్మంలో వెంకటేశ్వరమ్మ నవ్వు కొంగు చాటు చేసుకుంది. తమ్ముడి నోటికి మొదటినుంచీ తాళం లేదు.

"మేస్త్రీ చెప్పు, ఈ ధర న్యాయమేనా?" అన్నారు జడ్జిగారు.

మీరా హుస్సేన్ ముక్కు తుడుచుకున్నాడు. "న్యాయమెక్కడిదండీ. పరదేశం సరుకు రానివ్వట్లేదు గదా. చైనా వాళ్ళతో గొడవయ్యాక మరీ బిగించేశారు. లైసెన్సున్నోడి దగ్గరే సరుకు, వాడు చెప్పిందే ధర. మొన్న ఈ కారుకే ఒక రబ్బరు వాషరుకి పన్నెండు రూపాయలడిగాడండి. నాకు ఒళ్ళు మండి, సైకిలు ట్యూబు కోసి నేనే చేసేశా."

"అందువల్లనే," అన్నారు జడ్జిగారు కుర్చీలో మరింత నిటారుగా జరిగి, "మనిషికి ముందుచూపు ఉండవలెను."

ఇక కథ వస్తుందని వెంకటేశ్వరమ్మకు తెలుసు. ఆ కథ ఆమెకు కంఠతా వచ్చు. వెయ్యిన్నీ తొమ్మిదివందల ముప్పై తొమ్మిది, జూను నెల. మద్రాసు మౌంట్ రోడ్డు. కారు కొన్న పూటనే ఆయన, "వెనుక ఇరుసు చక్రాల జత ఒకటి విడిగా కావలెను" అని అడిగారు. గుమాస్తా నవ్వాడు. "కొత్త కారుకు అప్పుడే స్పేరు ఎందుకండీ?" ఈయన, "యుద్ధము రాబోవుచున్నది" అన్నారు. నూట పది రూపాయలిచ్చి తీసుకున్నారు. మూడు నెలలు తిరగకుండానే యుద్ధం వచ్చింది. ఇంటికి వచ్చిన ప్రతి అతిథికీ ఆయన ఈ కథ చెప్పేవారు. కొందరు రెండోసారి కూడా విన్నారు. వెంకటేశ్వరమ్మకు మాత్రం విసుగు పుట్టలేదు. ఆ కథలో ఆయనకు ముప్పై తొమ్మిదేళ్ళు. మీసం నల్లగా ఉంటుంది. కారు రోడ్డువెంట వెనుక వస్తుంటే తాను ముందుగా రైలు దిగి వస్తూ, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఆ పెట్టెను గుండెకానించుకుని ఉంటారు.

"ఇదుగో," అన్నారు జడ్జిగారు గుమ్మంవైపు తిరిగి. పెళ్ళయిననాటి నుంచీ ఆమెను ఆయన పిలిచే పేరు అదే. "పెట్టె తెప్పించు."

తెప్పించటమెందుకు? తానే తెచ్చింది. పొద్దుటే తలస్నానం చేసి, పెట్టెమీద ఒక మందార పువ్వు కూడా పెట్టింది. తమ్ముడు ఒక ప్రక్క, తానొక ప్రక్క పట్టుకుని గడప దాకా తెస్తుంటే సిలార్ చప్పున ఒక అడుగు ముందుకు వేసి, మళ్ళీ ఏమనుకున్నాడో ఆగిపోయాడు. అతడి ముఖం ఆమెకు కొత్తగా కనిపించింది. సంతోషించవలసిన మనిషి, బిడ్డ పరీక్ష తప్పిన తండ్రిలాగా ఉన్నాడు.

పెట్టె మూత తెరవగానే వసారా అంతా పసుపు వాసన వేసింది. లోపల ఎర్ర పట్టుగుడ్డ, ఆమె పెళ్ళినాటి రవికలోదే. గుడ్డ విప్పితే చక్రం. పళ్ళెమంత చక్రం. ప్రతి పంటికీ పసుపు, పసుపుమీద కుంకుమ. ప్రక్కన పినియను, దానికీ బొట్టు.

"అబ్బో, అమ్మవారే!" అన్నాడు పానకాలు.

మీరా హుస్సేన్ చేతులు తలగుడ్డకు తుడుచుకుని, ఆ చక్రాన్ని మోకాళ్ళమీదికి తీసుకున్నాడు. బొటనవేలితో ఒక పన్ను రుద్దాడు. పసుపు రాలింది. మళ్ళీ రుద్దాడు. కుంకుమ రాలింది. ఆ తరువాత కూడా వేలికి ఎరుపు అంటుకుంటూనే ఉంది. అతడు రుద్దటం ఆపి, చక్రాన్ని ఎండకు పెట్టి, ఒక్కొక్క పన్నూ చూశాడు. వెంకటేశ్వరమ్మ గడప లోపలినుంచే తొంగి చూసింది. పళ్ళమీద మశూచి మచ్చల్లాగా చిన్న చిన్న గుంటలు. ఆ ఎరుపు ఆమెకు కొత్తది కాదు. నాలుగైదేళ్ళుగా చూస్తూనే ఉంది. కుంకుమ పట్టి నిలిచిందనుకుంది. అమ్మవారి కటాక్షమనుకుని కళ్ళకద్దుకుంది కూడా.

"అయ్యగారూ," అన్నాడు మేస్త్రీ, "తుప్పండి."

"తుడిచివేయి."

"తుడిస్తే పోయేది కాదండి. లోనకి తినేసింది. ఇది ఎక్కించామంటే చీరాల దాకా ఏడుస్తూ పోద్ది, వచ్చేటప్పుడు విరుగుద్ది. ఈసారి ఇరుసు పెట్టెను కూడా తీసుకుపోద్ది." అతడు చక్రాన్ని మెల్లగా గుడ్డమీద పెట్టాడు. "పనికిరాదండి."

వీధిలో జీడిగింజల బస్తాల బండి ఒకటి కిర్రుమంటూ వెళ్ళింది.

జడ్జిగారి ముఖంలో కోపం రాలేదు. వచ్చినా బాగుండేదని వెంకటేశ్వరమ్మకు తోచింది. ఆయన రెండు చేతులూ కుర్చీ చేతులమీద పెట్టి, ఎదురుగా ఇతరులకు కనిపించని ఎవరినో చూస్తున్నట్టు చూశారు. మౌంట్ రోడ్డు గుమాస్తాను చూస్తున్నారేమో. ఇరవై నాలుగేళ్ళ తరువాత వాడు మళ్ళీ నవ్వుతున్నాడేమో.

"కారణం?" అన్నారు చివరకు.

"కంపెనీవాళ్ళు దీనికి దళసరిగా గ్రీజు పూసి, మైనం కాగితం చుట్టి ఇస్తారండి. అట్లా ఉంటే నూరేళ్ళున్నా చెక్కు చెదరదు. ఎవరో దాన్ని తీసేసి, పుల్లటిదేదో పెట్టి తోమి..."

"నేనేనండి," అన్నాడు సిలార్.

అందరూ క్రిందికి చూశారు.

"నేను నూనె రాయలేదండి. ఏటా రాయమని అయ్యగారు చెప్పారు. రాయలేదు. ఇక్కడ సముద్రపు గాలి. అందుకని పట్టేసింది. తోమటం గీమటం ఏం లేదు మేస్త్రీ, నువ్వూరుకో."

జడ్జిగారు కుర్చీలో ముందుకు జరిగారు. ముప్పై ఏళ్ళు కూర్చున్న ఆసనం మీద మళ్ళీ కూర్చున్నట్టే కూర్చున్నారు.

"ఈ పెట్టె సంరక్షణ ఎవరిది?"

"నాదేనండి."

"నూనె రాయవలెనని నేను చెప్పిన మాట నిజమేనా?"

"నిజమేనండి."

"రాయలేదు. ఎంత కాలం?"

"ఈ ఊరొచ్చినకాణ్ణించీ. ఎనిమిదేళ్ళు."

"కారణం?"

"మరిచిపోయానండి."

"ఎనిమిది సంవత్సరాలు మరచిపోయినావు," అన్నారు జడ్జిగారు. "సిలార్, ఇతరులు మరచిపోవచ్చును. నిన్ను నేను ఇతరులలో లెక్కించలేదు. తాళపు చెవి అక్కడ పెట్టు. నెలాఖరు వరకు జీతం పంపిస్తాను. ఇక నీవు రానక్కరలేదు."

"బావగారూ!" అన్నాడు పానకాలు. ఆ ఒక్క మాటలో వేళాకోళం లేదు.

సిలార్ మొలత్రాటికి కట్టుకున్న తాళంచెవి విప్పటానికి తంటాలు పడ్డాడు. ఇరవై నాలుగేళ్ళ ముడి అంత సులువుగా రాదు.

వెంకటేశ్వరమ్మకు ఆ కాసేపట్లోనే అంతా అర్థమయింది. పుల్లటిదేదో అని మేస్త్రీ అన్నాడు. చింతపండు. ప్రతి దసరాకూ ఇంట్లో ఇత్తడి బిందెలు, దీపపు కుందులు, కత్తిపీట, రోకలి పొన్ను, అన్నీ చింతపండు పెట్టి తోమి, కడిగి, బొట్టు పెట్టి పూజలో ఉంచుతుంది. ఆయుధ పూజనాడు ఆయనకు ఇష్టమైన ఆ ఇనుప చక్రం మురికిగా ఉంటే ఎలా? మొదటి ఏడు మైనం కాగితం విప్పగానే చేతికి నల్లటి జిడ్డు అంటింది. ఛీ, ఇంత డబ్బు పోసి కొన్న వస్తువును కడగనైనా కడగకుండా ఇచ్చారు దొరలు, అనుకుంది. ఆ కాగితంతో పొయ్యి రాజేసింది. తోమితే వెండిలాగా మెరిసింది. ఎంత సంబరపడింది!

తాను చేసిన పనికి ఆ మనిషి ఎండలో నిలబడి ముడి విప్పుకుంటున్నాడు. ఊరకుంటే సరిపోతుంది. ఎవరూ అడగరు. ఆయన కథ చెడగొట్టింది తానని ఆయనకు ఎప్పటికీ తెలియదు. అలా ఊరుకోవాలనిపించింది కూడా. ఒక్క నిమిషం, ఆమె మనసు ఆ చల్లని చోట నిలబడింది. ఆ నిమిషాన్ని ఆమె తరువాత ఎన్నడూ క్షమించుకోలేదు.

గడప దాటి వసారాలోకి వచ్చింది. పరాయి మగవాళ్ళు కూర్చున్న వసారాలోకి అలా వచ్చి నడుమ నిలబడటం ఆమెకు అదే మొదలు.

"ఆ తాళంచెవి తీసుకోకండి. చింతపండు పెట్టి తోమింది నేను."

"అమ్మగారూ, మీరు లోపలికెళ్ళండి," అన్నాడు సిలార్ కంగారుగా.

"నువ్వుండు సిలారూ. ఇంత అబద్ధం ఎట్లా ఆడావు నువ్వు, ఆయన మొహం చూస్తూ?" ఆమె భర్తవైపు తిరిగింది. "ప్రతి దసరాకీ తోమాను. ఇరవై నాలుగు దసరాలు. తోమి, పసుపు నీళ్ళు చల్లి, బొట్టు పెట్టాను. మీరు అంత ప్రేమగా తెచ్చుకున్నారు గదా, దాన్ని మురికిగా ఉంచుతానా? ఇత్తడి సామానుతో పాటే అనుకున్నాను. నూనె రాయాలని నాకు తెలియదు. తెలిస్తే తలకి రాసుకునే నూనె దానికే రాసేదాన్ని."

పానకాలుకు నవ్వు వచ్చింది. అక్క ముఖం చూసి మింగేశాడు.

జడ్జిగారు ఆమెవైపు తిరిగారు. ఎంత కదిలినా, సాక్ష్యంలో ఒక పన్ను లోపించినట్లు తోస్తే ఆయన బుద్ధి ఊరుకోదు.

"ఇరవై నాలుగంటున్నావు. ఈ ఇంటికి వచ్చిన తరువాత ఎనిమిది. అంతకు ముందు గుంటూరులోను, తెనాలిలోను పదహారు. ఆ పదహారేళ్ళలో తుప్పు పట్టలేదే? నేను ఉద్యోగ విరమణనాడు కూడా చూశాను. శుభ్రంగా ఉన్నది."

"అదే నాకూ ఆశ్చర్యంగా ఉండేది," అంది వెంకటేశ్వరమ్మ. "ఎంత తోమినా మరుసటి దసరాకి మళ్ళీ నల్లటి జిడ్డు పట్టేది. ఇనుము దానంతటదే కక్కుతుందేమో అనుకున్నాను. ఇంకా గట్టిగా తోమేదాన్ని. ఈ ఊరొచ్చాకే ఆ జిడ్డు రావటం మానేసింది. మన ఇంటి దేవుడి మహిమ అనుకున్నా..."

మాట మధ్యలో ఆగిపోయింది. మీరా హుస్సేన్ మెల్లగా తల తిప్పి సిలార్‌ను చూశాడు. పానకాలు చూశాడు. జడ్జిగారు చూశారు. సిలార్ తన కాలి బొటనవేలిని చూసుకుంటున్నాడు.

"ఒరేయ్ సిలారూ!" అన్నాడు పానకాలు లేచి నిలబడి. "నువ్వట్రా జిడ్డు దేవుడివి? మా అక్క తోమడం, నువ్వు పూయడం! పదహారేళ్ళు!"

ఇక ఆపుకోలేకపోయాడు. బల్లమీద కూలబడి నవ్వాడు. ఆ నవ్వుకు మిరప ఘాటు లేచి అందరూ తుమ్మారు. జడ్జిగారు కూడా తుమ్మారు.

"చెప్పు," అన్నారు ఆయన, రుమాలు మడుస్తూ. స్వరంలో జడ్జి లేడు.

"పూజ మర్నాడు అమ్మగారు పెట్టెను కారు షెడ్డుకి పంపేవారండి," అన్నాడు సిలార్. "తీసి చూస్తే పచ్చగా, ఎర్రగా, పెళ్ళికూతురల్లే ఉండేది. మొదటి ఏడు గుండె గుభేలుమంది. కిరసనాయిలుతో తుడిచి, ఆరబెట్టి, గ్రీజు పెట్టి, కాగితం చుట్టి పెట్టా. చెబుదామనే అనుకున్నానండి. ఆ రోజు అమ్మగారు, 'చూశావా సిలారూ, ఎట్లా మెరిసిపోయిందో!' అన్నారు. ఆ మొహం చూశాక ఎట్లా చెప్పేది? ఏడాదికో గంట పని. అదేం బరువు."

"మరి ఇక్కడ?"

"ఇక్కడ దొంగల భయమని పెట్టె దేవుడి గదిలోకి పోయిందండి. అక్కడికి నేను రాను గదా."

"అడిగాడు," అంది వెంకటేశ్వరమ్మ. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ప్రతి దసరా మర్నాడూ వచ్చి, 'అమ్మా, పెట్టె ఒక్క పూట ఇస్తారా' అని అడిగేవాడు. 'దేవుడి దగ్గరున్నదానికి ఏమవుతుంది, నీ జిడ్డు చేతులెందుకు' అని నేనే పంపేశాను. జిడ్డు చేతులన్నాను."

"జిడ్డువే గదమ్మా," అన్నాడు సిలార్.

ఆమె మెట్లు దిగి, అతడి చేతిలో సగం ఊడిన తాళంచెవిని చూసి, "మళ్ళీ కట్టుకో. ముందు ఆ ముడి సరిగ్గా వెయ్యి," అంది. అతడు పసివాడిలాగా కట్టుకున్నాడు.

జడ్జిగారు లేచి, ఆ చక్రం ముందు వంగారు. మోకాళ్ళ నొప్పి వల్ల నేలకు దగ్గరగా వంగటం ఆయనకు కష్టం. అయినా వంగి, గుడ్డతో సహా దానిని చేతిలోకి తీసుకున్నారు. పసుపు ఆయన తెల్లని లాల్చీకి అంటింది.

"వెంకటేశ్వరమ్మా," అన్నారు.

ఆమె ఉలిక్కిపడింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన నోట తన పేరు విని ఎరుగదు.

"ఈ కథ నేను వందమందికి చెప్పాను. కలెక్టరుకు చెప్పాను, రైల్లో ప్రక్కన కూర్చున్న వానికి చెప్పాను. దీనికి నూనె రాయవలెనని సిలార్‌కు చెప్పాను. ఏ ఇంట్లో ఇది ఉన్నదో ఆ ఇంటి ఇల్లాలికి మాత్రం, ఇది ఏమిటో, దేనికి పనికివస్తుందో, ఎన్నడూ కూర్చోబెట్టి చెప్పలేదు. వింటూనే ఉన్నావు గదా అనుకున్నాను." ఆయన ఆ పళ్ళను వేలితో తడిమారు. "తుప్పు చింతపండు వల్ల రాలేదు."

ఆమె లాల్చీ మరక చూసి, "పసుపు మరక ఎండలో వేస్తే పోతుందిలెండి," అంది. ఆ మాటకు ఆయన నవ్వారు. వారం రోజుల తరువాత ఆ ఇంట్లో ఆయన నవ్వటం అదే మొదలు.

"బాగుంది గానీ బండి సంగతేంటండీ?" అన్నాడు మీరా హుస్సేన్, కళ్ళు తుడుచుకోవటం ఎవరూ చూడకూడదని కాబోలు, కారువైపు తిరిగి. "మళ్ళీ మద్రాసుకి రాయాల్సిందేనా? ఆ నాలుగు ముక్కల జాబు తరవాత వాళ్ళు రెండు వేల రెండొందలకీ ఇవ్వరు."

సిలార్ గొంతు సవరించుకున్నాడు.

"ఇంకో తప్పు కూడా చేశానండి."

"ఇంకా ఉన్నదా?" అన్నారు జడ్జిగారు.

"మొన్న గురువారం గుంటూరు పోయొస్తానని సెలవడిగా గదండీ. గుంటూరు పోలా. తాడేపల్లి పోయాను. ఎనిమిదేళ్ళు నూనె లేని ఇనుము ఎట్లా ఉంటదో నాకు తెలుసు గదండీ. పెట్టె తీయకముందే దారి చూడాలనుకున్నా. రోశయ్యగారి దగ్గరికి పోయాను."

పానకాలు ముఖంలోని నవ్వు చప్పున ఆరిపోయింది. వెంకటేశ్వరమ్మ గుండెమీద చేయి వేసుకుంది. ఆ ఇంట్లో ఆ పేరు పలికి పద్నాలుగేళ్ళయింది.

తాడేపల్లి రోశయ్య జడ్జిగారికి చదువుకున్ననాటి నుంచి ప్రాణమిత్రుడు. ఇద్దరూ ఒకే పూట, ఒకే షాపులో, ఒకే రకం కార్లు కొన్నారు. ఆయనది ఆకుపచ్చది, ఈయనది నేరేడు రంగుది. పత్తి మిల్లు విషయమై రోశయ్య మీద అతడి అన్నదమ్ములు వేసిన దావా, విధివశాన, చెంచురామయ్యగారి కోర్టుకే వచ్చింది. మిత్రుని వ్యాజ్యం తాను వినను, మరో కోర్టుకు పంపండి అని ఒక్క ముక్క వ్రాస్తే సరిపోయేది. ఈయన వ్రాయలేదు. తానే విన్నారు, స్నేహితుడికి వ్యతిరేకంగానే తీర్పు చెప్పారు. ఎంతటి నిష్పక్షపాతం అని జిల్లా అంతా కొనియాడింది. రోశయ్య మిల్లు పోయింది. ఆనాటినుంచి ఇద్దరికీ మాటలు లేవు.

"ఆ ఆకుపచ్చ కారు షెడ్డులో అట్లాగే ఉందండి," అన్నాడు సిలార్. "టైర్లు ఎలకలు తిన్నాయి. ఇరుసు మాత్రం బంగారం. చెయ్యి పెట్టి చూశా. రోశయ్యగారు నన్ను గుర్తుపట్టారు. మజ్జిగ ఇప్పించారు. విషయం చెప్పా. డబ్బు ఎంతండీ అన్నా. 'డబ్బొద్దు. మీ అయ్యగారిని రమ్మను. తీర్పు తప్పని నేను అనట్లా. ఆ దావా వేరే కోర్టుకి ఎందుకు పంపలేదో నా మొహం చూసి చెప్పమను. చెబితే చక్రమేం ఖర్మ, కారే తోలుకుపొమ్మను' అన్నారండి."

"చెప్పకపోతే?" అన్నాడు పానకాలు.

"పాత ఇనుము వాళ్ళకి బేరం కుదిరిపోయిందంట. మంగళవారం పొద్దున గొడ్డళ్ళతో వస్తున్నారు."

ఆదివారం. మధ్యలో ఒక్క సోమవారం.

వెంకటేశ్వరమ్మ భర్త ముఖంవైపు చూసింది. ఆ దావా వేరే కోర్టుకు ఎందుకు పంపలేదో ఆయన ఆమెకు కూడా ఎన్నడూ చెప్పలేదు. అయినా ఆమెకు తెలుసు. పడుకున్న మనిషి ప్రక్కన పద్నాలుగేళ్ళు మేలుకుని ఉన్నదానికి తెలియకుండా ఉంటుందా? నిష్పక్షపాతి అని నలుగురి నోట వినాలన్న ఆశ, ఆ జవాబు ఎంత చిన్నదో, పైకి చెప్పటం ఆయనకు ఎంత పెద్దదో కూడా తెలుసు.

జడ్జిగారు చక్రాన్ని పెట్టెలో పెట్టారు. లాల్చీ సర్దుకున్నారు. మెట్లు దిగి, ఎండలోకి వచ్చి, సిలార్‌కు ఎదురుగా నిలబడ్డారు. సిలార్ వెనక్కు జరగబోతే చేయి పట్టుకుని ఆపారు. ఆ తరువాత, తీర్పు చదివే రోజులలో ఏ స్వరంతో చదివేవారో ఆ స్వరంతో, ఒక్కొక్క మాట విడివిడిగా చెప్పారు.

"ఇక్కడ హాజరైనవారందరూ వినవలెను. మంగళవారం లోగా రోశయ్య గుమ్మంలో నిలబడి నిజం చెప్పగల ధైర్యం నాకు ఉన్నదో లేదో ఈ క్షణాన నేను చెప్పలేను. చెప్పగలిగినది ఒక్కటి ఉన్నది. ఈ సిలార్ నా భార్య మనస్సు నొవ్వకుండా పదహారేళ్ళు ఒకరికి తెలియకుండా నా వస్తువును కాపాడినాడు. కాపాడలేకపోయిన ఎనిమిదేళ్ళకు ఆమె తప్పును తన నెత్తిన వేసుకున్నాడు. నేను చేయవలసిన ప్రయాణం నాకంటె ముందు తానే చేసి వచ్చినాడు. అతడిని పనిలోనుంచి తీసివేస్తూ నేను అన్న మాటలు వెనక్కు తీసుకుంటున్నాను. అతడు చేసినది ఈ ఇంటికి చేసిన మేలు అని, దానికి ఈ కుటుంబం రుణపడి ఉన్నదని, పూర్తి తెలివితో అంగీకరిస్తున్నాను."